జనాభా లెక్కల్లో తాతగారి పేరు దొరకదు, దొరికేది వేరే ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. రాబోయే జనగణన గురించి మీ పత్రికలో వార్తలు రావడం మొదలైనప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. "మాస్టారూ, పాత జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు ఎక్కడ చూడాలి?" అని ఆ ప్రశ్న. శ్రీకాకుళం జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లో 1981, 1991, 2001 జనగణనల్లో ఎన్యూమరేటరుగా ఇంటింటికీ తిరిగాను. ఉద్యోగ విరమణ తరవాత మా వంశవృక్షం రాయడానికి కూర్చుని, ఏ కాగితంలో ఏముంటుందో తెలియక రెండేళ్ళు వృథాగా తిరిగాను. ఇంకొకరు అలా తిరగకూడదన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా ప్రయత్నానికి మొదటి కారణం అమెరికాలో ఉన్న మా తమ్ముడి కూతురు. "పెదనాన్నా, మా పక్కింటావిడ 1950 నాటి లెక్కల కాగితంలో వాళ్ళ అమ్మమ్మ పేరు, వయసు, వాళ్ళ వీధి, ఇంట్లో ఎవరెవరున్నారో అన్నీ చూపించింది. మనవాళ్ళవి ఎక్కడుంటాయి?" అని ఒకరోజు ఫోనులో అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అమెరికాలో 72 సంవత్సరాలు నిండాక పేర్లున్న జాబితాలను ప్రజలకు తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. బ్రిటన్‌లో ఆ గడువు 100 సంవత్సరాలు కాబట్టి ఇంగ్లండ్, వేల్స్‌ల 1921 జాబితాలు 2022 జనవరిలో బయటికి వచ్చాయి. అయితే అక్కడి వాళ్ళు మరో మూడు దశాబ్దాలు కొత్తవాటి కోసం చూసినా దొరకవు, ఎందుకంటే 1931 జాబితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు.

మన దేశంలో పరిస్థితి వేరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటరు నింపిన పత్రాన్ని చూసే హక్కు ఎవరికీ లేదు, దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. అది మీ సొంత ఇంటి పత్రమే అయినా, దాని మీద సంతకం చేసింది మీ నాన్నగారే అయినా ఇదే నియమం. ఇన్నేళ్ళ తరవాత తెరుస్తామన్న గడువు కూడా చట్టంలో లేదు. ఆంగ్లేయుల కాలంలో 1901 నుంచి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటీ చొప్పున వివరాలు ఎక్కించి, ఆ చీటీలను అరల్లో వేరుచేసి లెక్కపెట్టేవారు. కావలసింది మొత్తాలే కనుక, అవి తేలాక పేర్లున్న కాగితాలను తరతరాల కోసం దాచాలన్న ఆలోచనే ఆ పద్ధతిలో లేదు. కాబట్టి శ్రీకాకుళంలో కానీ విజయనగరంలో కానీ ఏ కార్యాలయానికి వెళ్ళినా మీ ముత్తాత పేరున్న జనగణన పత్రం దొరకదు. ఒక కార్యాలయంలో నన్ను మూడుసార్లు "రేపు రండి" అని తిప్పారు. ఆ కాగితం అసలు లేదన్న ఒక్క మాట మొదటిరోజే చెప్పి ఉంటే నాకు ఎంతో మేలు జరిగేది.

జనగణన సంపుటాల్లో మిగిలింది ఊరి లెక్క. మనిషి కనబడకపోయినా అతను బతికిన ఊరు కనబడుతుంది, దాన్ని చదవడం తెలిస్తే కుటుంబ చరిత్రకు అది తక్కువ సంపద కాదు. చదవడం తెలియకపోతే మాత్రం అదే లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది మీ ఊరు ఏ జనగణన నాటికి ఏ జిల్లాలో ఉందన్న సంగతి. మన ప్రాంతానికి ఉన్నన్ని సరిహద్దు మార్పులు చాలా ప్రాంతాలకు లేవు. శ్రీకాకుళం పట్టణాన్నే తీసుకుంటే, 1881 నుంచి 1931 వరకు అన్ని సంపుటాల్లోనూ అది 'చికాకోల్' పేరుతో గంజాం జిల్లా కింద ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్ళినప్పుడు ఇటు మిగిలిన తాలూకాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు, కనుక 1941 లెక్క విశాఖ కింద చూడాలి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అయినా 1951 సంపుటం మద్రాసు రాష్ట్రానిదే, ఆంధ్రప్రదేశ్ పేరు 1961లోనే కనబడుతుంది. బొబ్బిలి వారైతే 1941 వరకు విశాఖపట్నంలోనూ, 1951 నుంచి 1971 వరకు శ్రీకాకుళంలోనూ, 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడింది కనుక 1981 నుంచి అక్కడా వెతకాలి. పాలకొండ వారు విశాఖపట్నంతో మొదలుపెట్టి, 1951 నుంచి 2011 వరకు శ్రీకాకుళంలో చూసి, వచ్చే లెక్కకు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకు రావాలి. రాజాం ఆ 2022లోనే విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. పర్లాకిమిడి చుట్టుపక్కల మూలాలున్న తెలుగు కుటుంబాలైతే 1941 నుంచి ఒరిస్సా సంపుటాలు తిరగెయ్యక తప్పదు. ఇది తెలియని వాళ్ళు "మా ఊరు పుస్తకంలోనే లేదు" అనుకుంటారు. మండలాలు 1985లో వచ్చాయి గనక అంతకు ముందరి పుస్తకాల్లో తాలూకా పేరు పట్టుకుని వెళ్ళాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆ తరవాత ఊరి పేరు. జనగణన లెక్కపెట్టేది రెవెన్యూ గ్రామాన్ని. శివారు పల్లెలు, పేటలు, గూడేలు విడిగా కనబడవు, వాటి జనం తల్లి గ్రామం వరసలో కలిసిపోతారు. మా నాయనమ్మ పుట్టిన పేట కోసం 1961 జిల్లా హ్యాండ్‌బుక్‌లో, అంటే జనగణన శాఖ జిల్లాకొకటి చొప్పున ఊరూరి లెక్కలతో అచ్చువేసే పుస్తకంలో, నేను ఎంత వెతికినా దొరకలేదు. అది ఏ గ్రామానికి శివారో ఒక పాత దస్తావేజులో చూశాకే సరైన వరస పట్టుకోగలిగాను. పైగా కొత్తవలసలు, లక్ష్మీపురాలు, అగ్రహారాలు మన రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. పేరొక్కటే చూసి మనదే అనుకోకుండా తాలూకా, పక్క గ్రామాల పేర్లు కూడా సరిచూసుకోవాలి. పాత సంపుటాలన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల, అప్పటి గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాయడం వల్ల, ఒకే ఊరు పుస్తకానికొక రకంగా కనబడుతుంది. భీమునిపట్నం 'బిమ్లిపటం'గా మారిన సంగతి అందరికీ తెలిసిందే, చిన్న పల్లెల పేర్లు ఇంకెంత మారి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఊరూరి వివరాలు ఒకచోట దొరికేది 1951 నుంచి వచ్చిన జిల్లా హ్యాండ్‌బుక్‌లలోనే. అంతకు ముందు వచ్చిన మద్రాసు ప్రెసిడెన్సీ నివేదికలు, 1871లో కార్నిష్ రాసింది మొదలుకొని 1931లో యీట్స్ రాసినదాకా, ఎక్కువగా జిల్లా, తాలూకా, పట్టణం స్థాయిలోనే మాట్లాడతాయి. 1951 పుస్తకంలో మా ఊరి వరస మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. ఇళ్ళు ఎన్ని, మనుషులు ఎందరు, మగవాళ్ళు, ఆడవాళ్ళు, చదువొచ్చినవాళ్ళు అని గళ్ళు ఉన్నాయి. చదువొచ్చిన ఆడవాళ్ళ గడిలో ఒంటి అంకె ఉంది. పెద్దబాలశిక్ష చదవగలిగిన మా మేనత్త అప్పటికి పెళ్ళై వెళ్ళిపోయింది కాబట్టి ఆ అంకెలో లేదు. మా నాయనమ్మకు అక్షరం రాదు. ఆ ఒంటి అంకెలో ఉన్న ఆడవాళ్ళెవరో ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి దాదాపు పేర్లతో సహా తేల్చగలిగాం.

ఆ పుస్తకంలోనే జీవనాధారాన్ని బట్టి ఊరి జనాన్ని ఎనిమిది తరగతులుగా విడగొట్టారు. సొంత భూమి సాగుచేసేవారు, ఇతరుల భూమి సాగుచేసేవారు, వ్యవసాయ కూలీలు, భూమి ఉండి సాగుచేయక శిస్తు తీసుకునేవారు అన్నవి మొదటి నాలుగు తరగతులైతే, వ్యవసాయేతర ఉత్పత్తి, వ్యాపారం, రవాణా, ఇతర వృత్తులు మిగిలిన నాలుగు. "మావాళ్ళు ఊరంతా ఏలిన మోతుబరులు" అని ఇంట్లో చెప్పుకునే మాటకూ, మొదటి తరగతి గడిలో ఉన్న అంకెకూ పొంతన కుదురుతుందో లేదో ఇక్కడ చూసుకోవచ్చు. ఆ అంకెల్లో సాగుచేసే మనిషితోపాటు అతని మీద ఆధారపడిన పిల్లలు, ముసలివాళ్ళు కూడా కలిసి ఉంటారన్నది మరిచిపోతే మాత్రం ఊళ్ళో ఉన్న రైతుల సంఖ్య మూడు నాలుగు రెట్లు ఎక్కువగా కనబడుతుంది. నేనే మొదట అలా పొరబడ్డాను. చదువు అంకెల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1981 వరకు ఐదేళ్ళ లోపు పిల్లలనే చదువురానివారిగా తీసేసేవారు, 1991 నుంచి ఏడేళ్ళ లోపు వారందరినీ తీసేశారు. అందువల్ల ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు రంగం సంగతి చెప్పాలి. మన ప్రాంతంలో రంగూన్‌ను రంగం అనే అనేవారు. మా తాతగారి అన్నగారు యవ్వనంలోనే కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్ళారనీ, యుద్ధంలో బాంబులు పడ్డాక 1942లో కొండలు దాటి నడిచి వచ్చారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. 1931 వరకు జనగణన ఒకే రాత్రి జరిగేది, ఆ రాత్రి ఎవరు ఎక్కడ నిద్రిస్తే అక్కడే లెక్క. 1931లో ఆ రాత్రి ఫిబ్రవరి 26. ఆ రాత్రి ఆయన రంగంలో ఉన్నారు గనక మన ఊరి లెక్కలో ఆయన లేరు, బర్మా లెక్కలో ఉన్నారు. ఆ జనగణనలో బర్మాలో ఉన్న భారతీయుల సంఖ్య 10 లక్షలు దాటింది. వాళ్ళలో మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. పంటలు ఇళ్ళకు చేరాక, కూలి దొరకని రోజుల్లో, అంటే సరిగ్గా ఆ లెక్కలు జరిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మగవాళ్ళు ఊళ్ళు విడిచి ఉండేవారు. ఊరి వరసలో ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ కనబడితే ఏదో రోగం వచ్చి మగవాళ్ళు పోయారని అనుకోనక్కర లేదు, ముందు వలస గురించి ఆలోచించాలి. ఈ తేడా నేటికీ పోలేదు. 2011లో ప్రతి 1000 మంది పురుషులకు శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది, విజయనగరం జిల్లాలో 1019 మంది స్త్రీలు ఉన్నారు.

కుటుంబం అన్న మాటకు కూడా జనగణన అర్థం వేరు. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళు ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యిలు వేరైతే రెండు కుటుంబాలు, వియ్యపురాలైనా పాలేరైనా అదే పొయ్యి మీద తింటూ అక్కడే ఉంటే ఆ కుటుంబంలోనే లెక్క. మేము గుమ్మాల మీద ఎర్రరంగుతో నంబర్లు వేసేటప్పుడు ఒకే గుమ్మానికి రెండు కుటుంబాలని రాస్తే, "మేమింకా విడిపోలేదు బాబూ" అని పెద్దాయనలు నొచ్చుకునేవారు. కాబట్టి ఒక దశాబ్దంలో కుటుంబాల సంఖ్య బాగా పెరిగితే కొత్త మనుషులు ఊళ్ళోకి వచ్చారని వెంటనే అనుకోకూడదు, పొయ్యిలు విడిపోయి ఉండవచ్చు.

వయసుల గురించి నేను కళ్ళారా చూసింది ఒకటి చెబుతాను. 1991 లెక్కల్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మను వయసెంతని అడిగితే, "నాకేటి తెల్సు బాబూ! ఇశాపట్నంలో బాంబులు పడీసరికి జనమంతా మా ఊళ్ళకి ఎలిపొచ్చినారు, అప్పుడు నా సంకన పిల్లుండీది" అంది. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఆ పిల్ల తొలిచూలని తెలుసుకుని, ఆమెకు సుమారు 67 ఏళ్ళుంటాయని నేను లెక్కగడుతుంటే పక్కనుంచి కొడుకు, "అరవయ్యని ఏసీండి మాస్టారూ" అన్నాడు. ప్రతి ఊళ్ళోనూ ఇదే జరిగేది, అందుకే జనాభా పట్టికల్లో సున్నాతోనూ ఐదుతోనూ ముగిసే వయసులు పోగుపడి ఉంటాయి. మీ ఇంట్లో పాత కాగితం దేనిలోనైనా "వయసు 40" అని ఉంటే దాన్ని 36 నుంచి 45 దాకా అనుకుని చదవడం మంచిది, అలాగే ఆ ముసలమ్మ చెప్పినలాంటి గుర్తులను పెద్దవాళ్ళ నోటి నుంచి రాసిపెట్టుకోవడం ఇంకా మంచిది.

పాత సంపుటాల్లో కులాల పట్టికలు చూసి తమ కుటుంబ స్థాయిని నిర్ణయించుకునే వాళ్ళను కూడా చూశాను. 1931 తరవాత షెడ్యూల్డ్ కులాలు, తెగలు తప్ప మిగిలిన కులాల లెక్కలు రాలేదు. అంతకు ముందువి ఊరి లెక్కలు కావు. జనగణన జనగణనకూ కులాల పేర్లను కలిపి, విడదీసి రాశారు. వాటి మీద వంశ గౌరవాన్ని కట్టుకోవద్దని మాత్రమే చెబుతాను.

మరి పేర్లు ఎక్కడుంటాయి? మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్ళు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతే వాటిలో రైతు పేరుతో ప్రభుత్వ సెటిల్‌మెంట్ జరిగింది, కాబట్టి ఆ ఊళ్ళకు ఫెయిర్ అడంగల్ (ఆ సెటిల్‌మెంట్‌లో ఏ భూమి ఏ రైతుదో రాసిన పుస్తకం) అన్నది మొదటి నమ్మకమైన పేర్ల జాబితా. సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దస్తావేజులకు పేర్లవారీగా సూచికలుంటాయి. దస్తావేజులో కొన్నవాడి, అమ్మినవాడి పేర్లకన్నా హద్దులు విలువైనవి. "తూర్పు ఫలానా అప్పలస్వామి భూమి, దక్షిణం ఫలానా కూర్మయ్య మెట్ట" అని నాలుగు వైపులా నలుగురి పేర్లుంటాయి. శ్రీకూర్మం వల్ల కూర్మారావులు, అరసవల్లి వల్ల సూర్యనారాయణలు, సింహాచలం వల్ల అప్పలనర్సమ్మలు, విజయనగరం వైపు పైడిరాజులు, పైడితల్లులు వీధికి నలుగురుండే మన దగ్గర, పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారంలో, ఏ అప్పలస్వామి మన అప్పలస్వామో తేల్చేవి ఆ హద్దులే. బడి అడ్మిషన్ రిజిస్టర్లలో తండ్రి పేరు, పుట్టినతేదీ ఉంటాయి. గ్రామ మునసబులు రాసిన జనన మరణాల పుస్తకాలు మాత్రం 1984లో ఆ పదవులు రద్దయ్యాక ఎక్కడ ఎన్ని నిలిచాయో ఊరూరా విడిగా అడగవలసిందే.

ఒక విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. 1830ల నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూలీలుగా వెళ్ళిన మన వాళ్ళకు పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఊరుతో సహా రిజిస్టర్లు ఉన్నాయి. మారిషస్‌లోని మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థ ఆ రిజిస్టర్లను ఫొటోలతో సహా భద్రపరిచింది. వాళ్ళ మునిమనవలు ఆ ఊరి పేరు పట్టుకుని మన జిల్లాలకు వస్తున్నారు. ఓడెక్కినవాడికి పేరు మిగిలింది, ఊళ్ళోనే ఉండి దుక్కి దున్నుకున్న అతని తమ్ముడు మాత్రం ఒక మొత్తంలో ఒకటిగా కలిసిపోయాడు.

అందుకని నా మనవి ఇది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనలో ఎన్యూమరేటర్లు వివరాలను సెల్‌ఫోనులోనే నమోదు చేస్తారు, మన చేతిలో ఏ కాగితమూ మిగలదు. ఎన్యూమరేటరు వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రమే ప్రతి ఇల్లూ తాను చెప్పిన జవాబులను ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి. దానికి తోడు జనగణన అడగనివి కూడా రాయాలి. ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, వాళ్ళ తల్లుల పేర్లు. మా వంశవృక్షంలో మగవాళ్ళు ఏడు తరాలు దొరికారు. మా నాయనమ్మ అత్తగారి పేరు మాత్రం ఇప్పటికీ దొరకలేదు, అందరూ ఆవిణ్ణి "పెద్దమ్మ" అనే పిలిచేవారట.

పాత సంపుటాలు జనగణన శాఖ వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, అయితే ఆ ఇంగ్లీషు పట్టికలు ఊళ్ళో వాళ్ళకు అందవు. 1951 నుంచి 2011 వరకు వచ్చిన హ్యాండ్‌బుక్‌లలో ఊరి వరసను మాత్రం తీసి, గళ్ళ పేర్లు తెలుగులో రాసి, ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద ఒక బోర్డుగా పెట్టించమని మన జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా గ్రంథాలయాలు అచ్చు ప్రతులను ఒక బీరువాలో ఒకచోట ఉంచితే, తాలూకాల మార్పుల వరసను నేనే తెలుగులో రాసి ఇవ్వగలను. పేర్లున్న పత్రాలను బ్రిటన్‌లో లాగా 100 ఏళ్ళు మూసి ఉంచి తరవాత తెరిచేలా చట్టాన్ని సవరించాలని కూడా నా కోరిక. బతికి ఉన్నవాళ్ళ వివరాలు ఎవరికీ తెలియకూడదన్న నియమం నూటికి నూరుపాళ్ళూ సబబే, ఆ మాట మీద నమ్మకంతోనే జనం నాకు తమ గడపల్లో కూర్చుని నిజాలు చెప్పారు. నేను అడుగుతున్నది వాళ్ళ మునిమనవల కోసం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం